తాళం తీసే విద్య నేర్పవచ్చునా?

అనకాపల్లి జిల్లా చీడికాడ నుంచి ఒక యువ సోదరుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. అతను విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు చదివాడు. వైఫై నెట్‌వర్కుల భద్రత ఎంత గట్టిగా ఉందో పరీక్షించే విద్య అందులో ఒక భాగం. దాన్ని తెలుగులో చిన్న చిన్న వీడియో పాఠాలుగా తీసి ఉచితంగా అందరికీ అందించాలని అతని కోరిక. ఇంట్లో పెద్దలు మాత్రం "దొంగలకు తాళం తీయడం నేర్పుతావా?" అని అభ్యంతరం చెప్పారట. "నేను చనిపోయిన తర్వాత కూడా ఆ వీడియోలు ఉంటాయి. అవి నాకు సదఖయె జారియా అవుతాయా, లేక ఆగకుండా వచ్చిపడే పాపం అవుతాయా?" అన్నది అతని ప్రశ్న.

ఇది తేలిగ్గా తీసుకోదగిన ప్రశ్న కాదు. మనిషి మరణంతో అతని కర్మల పద్దు ముగిసినా మూడింటి పుణ్యం అతనికి అందుతూనే ఉంటుందని, ప్రజలకు ఉపయోగపడే విద్య వాటిలో ఒకటని మహాప్రవక్త (స) తెలియజేశారు. ఒక చెడు పద్ధతిని ప్రవేశపెట్టినవాడి మీద దాన్ని అనుసరించినవారి పాపభారం కూడా పడుతుందని హెచ్చరించినదీ ఆయనే. ఒకే వీడియో ఈ రెండు పద్దుల్లో దేనిలోనైనా జమ కావచ్చు. ఏ పద్దులో జమ అవుతుందో దేన్నిబట్టి తేల్చాలి? మేము ముఫ్తీలం కాము, ఇది ఫత్వా కాదు. ధర్మం మన చేతికిచ్చిన సూత్రాల వెలుగులో ఆలోచించే ప్రయత్నం మాత్రమే.

ఈ విద్యతో పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా కొన్ని మాటలు. వైఫై అంటే గాలిలో ప్రయాణించే రేడియో తరంగం. అది ఇంటి గోడ దగ్గర ఆగదు. గోడకు గోడ ఆనుకుని ఉండే మన ఊళ్లలో ఒకరి ఇంటి తరంగం చుట్టుపక్కల మూడు నాలుగు ఇళ్లలోకి వెళుతుంది. అందుకే దానికి రహస్య సంకేతాలతో ఒక తాళం వేస్తారు. తొలినాళ్లలో వాడిన డబ్ల్యుఈపీ అనే తాళం ఎంత బలహీనమైనదో 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు పరిశోధకులు బయటపెట్టారు. తర్వాత 2004లో డబ్ల్యుపీఏ2 వచ్చింది. అది గట్టిదే. కానీ రూటర్లలో సౌకర్యం కోసం పెట్టిన 8 అంకెల పిన్ పద్ధతిలో ఒక లోపం ఉందని 2011 డిసెంబరులో వెల్లడైంది. కోట్ల ప్రయత్నాలు కావలసిన చోట 11,000 ప్రయత్నాలు చాలునని తేలింది. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ డబ్ల్యుపీఏ2లోనే మరో లోపాన్ని చూపించాడు. కంపెనీలు హడావిడిగా దిద్దుకున్నాయి. ఆ మరుసటి ఏడాదే డబ్ల్యుపీఏ3 వచ్చింది.

ఈ లోపాలన్నీ ఎలా బయటపడ్డాయి? ఎవరో ఒకరు కూర్చుని తాళాన్ని తీసి చూశారు, తాము చూసింది దాచకుండా చెప్పారు. వారు ఊరుకుని ఉంటే మనం ఈనాటికీ 2001లోనే విరిగిన తాళాన్ని వేసుకుని నిశ్చింతగా నిద్రపోయేవాళ్లం. పరీక్షించడం అనే పనిలో ఉన్న మేలు ఇది. దాన్ని కాదనలేము.

ఇక చీడికాడ సంగతి చూద్దాం. తూర్పు కనుమల పాదాల దగ్గర, కోనం జలాశయం ఉన్న మండలం అది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇలాంటి పల్లె ప్రాంతాలకు కూడా ఇంటర్నెట్ తీగను చేర్చాలన్న లక్ష్యంతోనే ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, నెలకు 149 రూపాయల నుంచి టీవీ, ఫోను, ఇంటర్నెట్ కలిపి ఇస్తామన్నారు. రూటరు బిగించడానికి వచ్చిన కుర్రవాడు పది నిమిషాల్లో పని ముగించుకుని, గుర్తుంటుందని చెప్పి ఇంటి యజమాని మొబైల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టి వెళ్లిపోవడం సాధారణంగా జరిగేదే. మన దేశంలో మొబైల్ నంబరు 6, 7, 8, 9 అంకెల్లో ఏదో ఒకదానితో మొదలవుతుంది. లెక్క వేస్తే మొత్తం 400 కోట్ల నంబర్లు. మనిషికి అది అంతులేని సంఖ్య. ఆటలాడుకోవడానికి కొనే మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరుకు అది కొన్ని గంటల పని, ఎందుకంటే సెకనుకు కొన్ని లక్షల పాస్‌వర్డులను అది పరీక్షించగలదు. పైగా ఆ నంబరు ఊరందరికీ తెలిసిందే అయినప్పుడు కంప్యూటరు కూడా అవసరం లేదు!

"మా ఇంట్లో దోచుకునేదేముంది?" అని ఎవరైనా అనవచ్చు. 2008లో జరిగినదాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు ఒక ఈ-మెయిల్ అందింది. అది నవీ ముంబైలో నివసిస్తున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లినట్లు పోలీసులు గుర్తించారు. ఆ మనిషి విచారణను ఎదుర్కొన్నాడు, సత్యశోధన పరీక్షలకు కూడా సిద్ధపడ్డాడు. అతనికి ఏ సంబంధమూ లేదని, సరైన రక్షణ లేని అతని వైఫైని వేరెవరో వాడుకున్నారని ఆ తర్వాత తేలింది. అదే సంవత్సరం సెప్టెంబరు 13న ఢిల్లీలో పేలుళ్లు జరిగినప్పుడు కూడా ఈ-మెయిల్ ముంబైలోని చెంబూరులో ఒక సంస్థ వైఫై నుంచి వెళ్లింది. 2009 ఆరంభంలో ముంబై పోలీసులు తాళం లేని వైఫైలను వెతికి యజమానులను హెచ్చరించే కార్యక్రమం చేపట్టవలసి వచ్చింది. అమాయకుడి మీద అనుమానం పడితే ఆ ఇల్లు ఏమవుతుందో ఈ పత్రిక పాఠకులకు మేము వివరించనక్కరలేదు. ఈ దృష్టితో చూస్తే, తన రూటరుకు గట్టి తాళం వేసుకోవడం మనిషి తన కుటుంబ గౌరవాన్ని కాపాడుకోవడమే.

కనుక విద్య ఉపయోగకరమైనదే. అయినా పెద్దల అభ్యంతరం అలాగే ఉంది. దొంగ కూడా వింటాడు కదా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 13వ శతాబ్దంలో డమాస్కస్ దగ్గరి జౌబర్ అనే పల్లెకు చెందిన అల్ జౌబరీ ఒక విచిత్రమైన పుస్తకం రాశాడు. బూటకపు ఫకీర్లు, నకిలీ వైద్యులు, బంగారం చేస్తామని నమ్మించేవారు, దొంగలు, వీరందరి గుట్టునూ ఒక్కొక్కటిగా విప్పి చెప్పిన గ్రంథం అది. అందులో కన్నం వేసే దొంగల ఎత్తుగడ ఒకటుంది. దొంగ గోడకు రంధ్రం చేసి, వీపు మీద వెలుగుతున్న కొవ్వొత్తి అంటించిన తాబేలును లోపలికి వదులుతాడు. అది మెల్లగా ఇల్లంతా తిరుగుతుంది. ఆ వెలుగులో లోపలేమున్నదీ దొంగకు కనిపిస్తుంది. ఈ పుస్తకం చదివి ఎవడైనా తాబేలును కొనుక్కుని ఉండవచ్చు. కానీ వృత్తిలో ఉన్న దొంగకు తాబేలు సంగతి ముందే తెలుసు. తెలియనిది లోపల నిద్రపోతున్న గృహస్థుకు. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందు బాగ్దాదులో అల్ కింది మహాశయుడు రహస్య లిపిలో రాసిన ఉత్తరాలను ఛేదించే విధానం మీద గ్రంథం రాశాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడితే లిపి గుట్టు బయటపడుతుందని వివరించాడు. ఈ విషయం మీద మనకు దొరికిన గ్రంథాల్లో అదే మొట్టమొదటిది. తాళాల బలహీనతను గురించి మాట్లాడటం మన పూర్వికులకు కొత్త కాదని చెప్పడానికే ఈ ఇద్దరినీ తలచుకున్నాం.

తెలుగు విషయానికొస్తే ఈ వాదానికి మరింత బలం ఉంది. ఈ విద్య ఇంగ్లీషులో ఎప్పటినుంచో బహిరంగంగా ఉంది. మన దేశానికే చెందిన వివేక్ రామచంద్రన్ తన సెక్యూరిటీట్యూబ్ ద్వారా వైఫై భద్రతపై సుదీర్ఘమైన వీడియో పాఠాలను ఉచితంగా అందించాడు. దురుద్దేశం ఉన్నవాడికి అవి దొరుకుతూనే ఉన్నాయి. దొరకనిది ఎవరికి? ఇంగ్లీషు రాని చీడికాడ కిరాణా వ్యాపారికి, ఇంట్లో ఒక గదిలో ట్యూషన్ చెప్పే అమ్మాయికి, మీసేవ కేంద్రం నడిపే కుర్రవాడికి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు లైనక్స్ వంటి వాటిని తెలుగులో వినిపిస్తున్నాయి. అలాంటి ఓపికతో ఎవరైనా మన భాషలో రూటరు భద్రతను నేర్పితే కొత్తగా లాభపడే మొదటి మనిషి గృహస్థే.

అయితే ఇక్కడితో "సరే, కానివ్వు" అనేయలేము. తెలుగు వీడియోను గృహస్థుతో పాటు పనీపాటా లేని పదహారేళ్ల కుర్రవాడు కూడా చూస్తాడు. ఇంగ్లీషు పాఠం అతనికి అర్థం కాక వదిలేశాడు. ఇప్పుడు అర్థమవుతుంది. జౌబరీ పుస్తకాన్ని చేత్తో నకలు రాసుకోవాలి. వీడియో ఒక్క రాత్రిలో వేలమందికి చేరుతుంది.

దీనికి చాలామంది బోధకులు వెతుక్కున్న ఉపాయం ఒకటుంది. వీడియో మొదట్లో ఐదు సెకన్లపాటు "ఇది విద్యా ప్రయోజనాల కోసం మాత్రమే" అని ఒక వాక్యం చూపిస్తారు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఏం చూపించినా తమ బాధ్యత తీరిపోయిందనుకుంటారు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక అచ్చువేసి లోపల సిగరెట్టే అమ్మడం లాంటిది ఇది. ఖుర్ఆన్‌లో బఖరా సూరా హారూత్, మారూత్‌ల ప్రస్తావన తెస్తుంది. వారు బాబిల్ నగరంలో ఎవరికి నేర్పినా, తాము ఒక పరీక్ష మాత్రమేనని, అవిశ్వాసంలో పడవద్దని ముందుగా చెప్పకుండా నేర్పేవారు కాదు. అయినా జనం వారి దగ్గర భార్యాభర్తలను విడదీసే విద్యనే నేర్చుకున్నారు. ఈ వాక్యాల వివరణలో వ్యాఖ్యాతల మధ్య భేదాలున్నాయి, వాటి జోలికి మేము పోము. కానీ రెండు సంగతులు మాత్రం స్పష్టం. హెచ్చరిక ప్రతి వ్యక్తికీ, నేర్పే ముందు, ముఖాముఖి జరిగింది. అంత జరిగినా నేర్చుకునేవాడి సంకల్పాన్ని అది మార్చలేదు. మరి మనం తెర మీద పారేసే ఒక వాక్యం ఎంతటిది? పైగా వారు అల్లాహ్ పెట్టిన పరీక్ష. మనల్ని ఎవరూ ఆ పనికి నియమించలేదు.

హనఫీ ధర్మవేత్తలు చర్చించిన రెండు ఉదాహరణలు ఇక్కడ మనకు దారి చూపుతాయి. సారాయి తయారుచేసేవాడికి ద్రాక్షరసం అమ్మవచ్చునా? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అమ్మవచ్చునన్నారు. పాపం ఆ రసంలో లేదు, తర్వాత కొన్నవాడు దాన్ని మార్చుకోవడంలో ఉంది. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) దీన్ని అవాంఛనీయమన్నారు. మరి ఊరిలో అల్లర్లు చెలరేగినప్పుడు అల్లరిమూకకు కత్తి అమ్మవచ్చునా? కూడదన్నారు. ఎందుకంటే కత్తిని మార్చనక్కరలేదు, ఉన్నది ఉన్నట్లుగా ప్రాణం తీస్తుంది.

మన సోదరుడి వీడియో ద్రాక్షరసమా, కత్తా? మా అభిప్రాయంలో ఈ ప్రశ్నకు జవాబు పాఠం పేరులో లేదు, పాఠం తీసిన తీరులో ఉంది. "ఈ తాళం ఎందుకు బలహీనం, బలహీనమని నీకు ఎలా తెలుస్తుంది, నీవు దాన్ని ఎలా మార్చాలి" అని చెప్పే పాఠంతో చెడు చేయదలచినవాడు ఇంకా చాలా కష్టపడాలి. "ఈ మీట నొక్కు, పక్కింటి ఇంటర్నెట్ నీది" అని చూపే పాఠంతో అతను ఏమీ కష్టపడనక్కరలేదు. మొదటిదాని విషయంలో ఉదారంగా ఆలోచించే అవకాశం ఉంది. రెండవది అల్లర్లలో అమ్మిన కత్తి.

అసలు ఈ విద్య మొత్తం ఒక్క మాట మీద నిలిచి ఉంది. అది అనుమతి. నూర్ సూరాలో విశ్వాసులకు ఇచ్చిన ఆదేశం మనకు తెలిసిందే. ఇతరుల ఇళ్లలోకి అనుమతి కోరి, సలాం చెప్పి వెళ్లాలి. తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలి. ఒక వ్యక్తి మహాప్రవక్త (స) ఇంటి రంధ్రంలోంచి లోపలికి తొంగిచూశాడు. అప్పుడు ఆయన చేతిలో తల దువ్వుకునే ఇనుప దువ్వెన ఉంది. నీవు చూస్తున్నావని తెలిస్తే దీన్ని నీ కంట్లో పొడిచేవాణ్ణి అన్నంత కఠినంగా మందలించి, అనుమతి కోరే నియమం పెట్టిందే చూపు వల్లనని వివరించారు. గమనించండి, ఆ మనిషి ఇంట్లో అడుగు పెట్టలేదు, ఏ వస్తువునూ తాకలేదు. గాలిలో పోయే ఇతరుల సమాచారాన్ని పట్టి చూసేవాడు కూడా "నేనేమీ తీసుకోలేదు, ఊరికే చూశాను" అంటాడు. ఆ మాట అక్కడే చెల్లలేదు, ఇక్కడా చెల్లదు. తాళం లేని వైఫై తెరిచి ఉన్న తలుపు వంటిది. తలుపు తెరిచి ఉండటం అనుమతి కాదు.

మంచి ఉద్దేశంతో చేస్తే? ఇది ఈ రంగంలోని యువకులు తరచు అడిగే మాట. "వాళ్ల వైఫై బలహీనంగా ఉందని వాళ్లకు చెబుదామనే పరీక్షించాను" అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) గురించి మన గ్రంథాలు చెప్పే ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. ఖలీఫాగా ఉన్న ఆయన ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, ఒక ఇంట్లోంచి పాట వినిపిస్తే గోడ ఎక్కి చూశారు. లోపల ఒకడు సారాయితో పట్టుబడ్డాడు. అతను తప్పు ఒప్పుకుంటూనే ఎదురు ప్రశ్నించాడు. నేను ఒక ఆజ్ఞను మీరాను, మీరు మూడింటిని మీరారు: గుట్టు వెతికారు, ద్వారం గుండా రాకుండా గోడ ఎక్కారు, అనుమతి కోరకుండా సలాం చెప్పకుండా వచ్చారు అన్నాడు. ఉమర్ (రజి) అతన్ని వదిలి వెళ్లిపోయారు. ప్రజల మేలు కోరే పాలకుడికే లేని హక్కు మన ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? పొరుగువాడు ఏ మతస్థుడైనా ఇందులో తేడా లేదు. మహాప్రవక్త (స) సహచరులు హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదు పొరుగువారికి పంపారా అని పదే పదే అడిగేవారు. పొరుగువాడి హక్కు అంటే ఆయనకు అర్థమైంది అది.

దేశ చట్టం కూడా ఇదే గీత గీసింది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంలోని 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్కులో ప్రవేశించడాన్నే కాక, అలా ప్రవేశించడానికి మరొకరికి సహాయం చేయడాన్ని కూడా తప్పుగా ఎంచింది. మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. బోధకులు ఆ "సహాయం" అన్న మాటను ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

మరి చీడికాడ తమ్ముడు ఏం చేయాలి? మా దృష్టిలో అతను తప్పక వీడియోలు తీయాలి. కాకపోతే తన సొంత రూటరు మీదనే తీయాలి. వాడకం మానేసిన పాత రూటరు కొద్ది డబ్బుకే దొరుకుతుంది. వివేక్ రామచంద్రన్ 2011లో రాసిన పుస్తకం కూడా సొంత ప్రయోగశాలను ఏర్పాటు చేసుకోవడంతోనే మొదలవుతుంది. చుట్టుపక్కల ఇళ్ల వైఫై పేర్లు తెర మీద కనిపిస్తే వాటిని చెరిపి చూపాలి. అవి కూడా వారి ఇంటి లోపలి సంగతులే. రక్షణను చివరి నిమిషంలో తోక లాగా అతికించకుండా ముందు నేర్పాలి: పాస్‌వర్డు ఎలా మార్చాలి, ఆ 8 అంకెల పిన్ సౌకర్యాన్ని ఎలా ఆపాలి, రూటరు సాఫ్ట్‌వేర్‌ను ఎలా తాజా పరచాలి. ఆ తర్వాత మొబైల్ నంబరు పెట్టిన రూటరు లొంగిపోవడం, పొడవాటి పాస్‌వర్డు పెట్టిన అదే రూటరు లొంగకపోవడం పక్కపక్కన చూపించాలి. దాడి ఓడిపోవడాన్ని ప్రేక్షకుడు కళ్లారా చూడాలి. చాలా వీడియోల్లో ఈ రెండో సగం ఉండనే ఉండదు.

ఇంకో చోట ఎక్కువ జాగ్రత్త కావాలి, అది వీడియో పేరు. "మీ ఇంటి వైఫైని కాపాడుకోండి" అన్నదానికి వందమంది వస్తే "పక్కింటి వైఫై ఫ్రీగా" అన్నదానికి పదివేలమంది వస్తారు. చూసేవారి సంఖ్యను బట్టి ప్రకటనల డబ్బు వస్తుంది. సంకల్పాన్ని గురించిన హదీసును మనం చిన్నప్పటి నుంచీ వల్లె వేస్తున్నాం. ఈ కాలంలో బోధకుడి సంకల్పం ఏమిటో అతను వీడియోకు పెట్టిన పేరే చెప్పేస్తుంది. యూట్యూబ్ వంటి కంపెనీ మనుషుల సంకల్పాన్ని తూచలేదు. 2019 జులైలో కోడీ కింజీ అనే అమెరికన్ బోధకుడి ఛానెల్‌లోని వీడియోను, భద్రతను దాటడం నేర్పే వీడియోలను నిషేధించే నియమం కింద తొలగించారు. విమర్శలు వచ్చాక పొరపాటైందని తిరిగి పెట్టారు. కంపెనీ అనుమతించింది కాబట్టి మంచిదనో, తొలగించింది కాబట్టి చెడ్డదనో అనుకోవడానికి లేదు. ఆ తూకం బోధకుడే వేసుకోవాలి.

ఇతరుల నెట్‌వర్కును పరీక్షించవలసి వస్తే, ఒక దుకాణమో, మస్జిదు కమిటీయో, పాఠశాలో అడిగితే, నోటిమాట సరిపోదు. అప్పు తీసుకునేటప్పుడు రాసుకోమని బఖరా సూరా మనకు నేర్పిన పద్ధతినే ఇక్కడా పాటించాలి. ఏ రూటరు, ఏ తేదీ, ఏయే పరీక్షలు అన్నది కాగితం మీద రాసి యజమాని సంతకం తీసుకోవాలి. పరీక్షలో కంటపడిన విషయాలు అమానతు. ఆ దృశ్యాలను పాఠంగా వాడుకోవాలంటే దానికి మళ్లీ వేరే అనుమతి కావాలి.

ఇంత జాగ్రత్తగా తీసినా ఎవడో ఒకడు చూసి దుర్వినియోగం చేస్తే? గొర్రెలను కోసే కత్తి తయారుచేసిన కమ్మరి మీద హంతకుడి పాపం పడదు. ఇక్కడ బోధకుడికి కమ్మరికి లేని ఒక సౌకర్యం ఉంది. కమ్మరి అమ్మిన కత్తిని వెనక్కి తీసుకోలేడు. జౌబరీ తన పుస్తకంలోని తాబేలు పేజీని డమాస్కస్ నుంచి వెళ్లిపోయిన ప్రతుల్లోంచి చింపలేడు. చీడికాడ తమ్ముడు మాత్రం, ఫలానా పాఠంలో ఫలానా రెండు నిమిషాలను చూసే పిల్లలు పక్కింటి తాళాలు తీస్తున్నారని తెలిసిన రోజున, ఆ రెండు నిమిషాలను కత్తిరించి మిగతా పాఠాన్ని ఉంచగలడు. ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా చూసేవారి సంఖ్య తగ్గుతుందని దాన్ని ఉంచేస్తే, ఆనాటి నుంచి లెక్క వేరు.